పాత అమెరికా వెండి నాణేలను గుర్తించి వెల కట్టడం ఎలా?

పాత అమెరికా వెండి నాణెం ఒకటి చేతికి వచ్చినప్పుడు చాలామంది ముందుగా దాని మీది సంవత్సరం చూస్తారు. ఆ సంవత్సరాన్ని ఇంటర్నెట్‌లో వెదికి, ఎవరో లక్ష డాలర్లకు అమ్మకానికి పెట్టిన నాణెం ఫొటో కనబడగానే తమ దగ్గరున్నదీ అంతే పలుకుతుందని ఆశపడతారు. ఇంకొందరు అందుకు పూర్తిగా వ్యతిరేకం. చిల్లర డబ్బులే కదా అని డబ్బాలో పడేసి, ఎప్పుడో ఒకనాడు తూకానికి అమ్మేస్తారు. ఈ రెండు పొరపాట్లూ జరగకూడదంటే నాణేన్ని ఒక వరుసలో పరిశీలించాలి. అందులో వెండి ఎంత ఉంది, అది ఏ రకం, ఏ సంవత్సరంలో ఏ టంకశాలలో తయారయింది, ఎంత అరిగింది, అసలైనదేనా అన్నవి తేలిన తరువాతే ధర సంగతి చూడాలి. గరాజ్ సేల్‌లో కొన్న డబ్బా అడుగున దొరికినవైనా, ఇల్లు ఖాళీ చేస్తున్న పెద్దవారు మీ పిల్లలకు ఇచ్చి వెళ్లినవైనా పద్ధతి ఇదే.

పనిముట్లు పెద్దగా అక్కర్లేదు. పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం, గ్రాములో నూరో వంతు వరకు తూచే చిన్న డిజిటల్ త్రాసు, బలమైన అయస్కాంతం, వ్యాసం కొలిచే కాలిపర్, ఒకే దిక్కు నుంచి వెలుగు పడే బల్ల దీపం ఉంటే చాలు. బల్ల మీద మెత్తని గుడ్డ పరచి, నాణేన్ని రెండు వేళ్లతో అంచుల దగ్గర మాత్రమే పట్టుకోండి. ముఖం మీద వేలిముద్ర పడితే కొంతకాలానికి అది లోహంలో మచ్చగా స్థిరపడిపోతుంది.

పరిశీలన మొదలుపెట్టే ముందే ఒక హెచ్చరిక. పండగకు వెండి సామాను తోమినట్టు నాణేలను తోమకండి. చింతపండు, విభూతి, టూత్‌పేస్టు, వంటసోడా, దుకాణంలో దొరికే పాలిష్ ద్రావకం, వీటిలో ఏదీ తగలకూడదు. వెండి కంచానికి మెరుపే అందం కాని, సేకరణకర్తలు నాణెంలో చూసేది ముద్ర పడిన నాటి ఉపరితలాన్ని. దాని మీద రుద్దిన సన్నని గీతలు భూతద్దంలో స్పష్టంగా కనబడతాయి, అలా తోమిన నాణెం విలువ చాలాసార్లు సగానికి పడిపోతుంది. ఏళ్ల తరబడి గాలి తగిలి ఏర్పడిన నలుపు, గోధుమ, నీలి ఛాయలు నాణేనికి లోపం కావు. అవి అందంగా కుదిరిన నాణేలకు అదనంగా చెల్లించేవారు కూడా ఉన్నారు.

మొదటి పని, వెండి ఉందో లేదో తేల్చడం. దీనికి 1964 అన్న ఒక్క సంవత్సరం గుర్తుంచుకుంటే సగం పని పూర్తవుతుంది. 1964 వరకు తేదీ ఉన్న డైమ్ (పది సెంట్లు), క్వార్టర్ (ఇరవై ఐదు సెంట్లు), హాఫ్ డాలర్ (యాభై సెంట్లు) నాణేల్లో నూటికి 90 పాళ్లు వెండి, 10 పాళ్లు రాగి. వెండి ధర పెరిగి జనం నాణేలను దాచిపెట్టడం మొదలయ్యాక, 1965 జులైలో అధ్యక్షుడు లిండన్ జాన్సన్ సంతకం చేసిన చట్టంతో డైమ్, క్వార్టర్లలో వెండి పూర్తిగా పోయింది. హాఫ్ డాలర్లలో మాత్రం 1965 నుంచి 1970 వరకు 40 శాతం వెండి మిగిలింది. నాణేన్ని నిలువుగా పట్టుకుని అంచు చూడండి. వెండి నాణెం అంచు మొత్తం ఒకే తెలుపుగా ఉంటుంది. తరువాతి కాలపు నాణెం అంచులో రాగిరంగు చార కనబడుతుంది. త్రాసు కూడా అదే సంగతి చెబుతుంది. వెండి క్వార్టర్ 6.25 గ్రాములు తూగితే వెండి లేనిది 5.67 గ్రాములే తూగుతుంది. హాఫ్ డాలర్ 90 శాతం వెండిదైతే 12.5 గ్రాములు, 40 శాతానిదైతే 11.5 గ్రాములు. డైమ్ 2.5 గ్రాములు.

ఈ నియమానికి బయట రెండు రకాలున్నాయి, రెండింటినీ చాలామంది వదిలేస్తారు. ఒకటి యుద్ధకాలపు ఐదు సెంట్ల నాణెం. రెండో ప్రపంచయుద్ధంలో నికెల్ లోహం ఆయుధాలకు అవసరమై, 1942 మధ్య నుంచి 1945 వరకు ఈ నాణేన్ని 35 శాతం వెండి, 56 శాతం రాగి, 9 శాతం మాంగనీసుతో చేశారు. దాన్ని గుర్తుపట్టడానికి వీలుగా వెనక వైపు మాంటిచెల్లో భవనం గోపురం మీద పెద్ద అక్షరంతో టంకశాల గుర్తు వేశారు. ఫిలడెల్ఫియా టంకశాల తన ‘పి’ అక్షరాన్ని మొట్టమొదట వాడింది ఈ నాణెం మీదే. రెండోది ఐజెన్‌హోవర్ డాలరు. 1971 నుంచి చెలామణిలోకి వచ్చినవాటిలో వెండి లేదు కాని, శాన్‌ఫ్రాన్సిస్కోలో సేకరణకర్తల కోసం ప్రత్యేకంగా ముద్రించి అమ్మినవాటిలో 40 శాతం వెండి ఉన్నవి ఉన్నాయి. అవి 24.59 గ్రాములు తూగుతాయి, సాధారణమైనవి 22.68 గ్రాములు.

రెండో పని, బొమ్మను బట్టి రకం పోల్చుకోవడం. ముఖం మీద కిరీటం ధరించిన లిబర్టీ (స్వేచ్ఛకు ప్రతీకగా చెక్కిన స్త్రీమూర్తి) తల, వెనక రెక్కలు విప్పిన గద్ద ఉన్న పెద్ద డాలరును దాని శిల్పి జార్జ్ మోర్గాన్ పేరుతో మోర్గాన్ డాలరు అంటారు. వాటిని 1878 నుంచి 1904 వరకు, మళ్లీ 1921లో ముద్రించారు. తల చుట్టూ సూర్యకిరణాల వంటి కిరీటం, వెనక బండరాతి మీద వాలిన గద్ద ఉంటే అది ఆంథొనీ డి ఫ్రాన్సిస్చి రూపొందించిన పీస్ డాలరు. 1921 నుంచి 1928 వరకు, తరువాత 1934, 1935లలో వచ్చింది. రెండూ 26.73 గ్రాములు, 38.1 మిల్లీమీటర్లే కనుక తూకంతో తేడా తెలియదు, బొమ్మతోనే తెలుస్తుంది. కూర్చున్న లిబర్టీ ముందు సముద్రం, వెనక వైపు 420 గ్రెయిన్లు అన్న మాట ఉంటే అది ట్రేడ్ డాలరు, అంటే 1873 నుంచి చైనా వ్యాపారం కోసం కొట్టిన కాస్త బరువైన నాణెం. దాని మీద చైనా వర్తకులు వేసిన చిన్న ముద్రలు కనబడితే కంగారు పడనక్కర్లేదు, వాటిని కోరి కొనేవారు ఉన్నారు.

చిన్న నాణేల్లో చార్లెస్ బార్బర్ చెక్కిన తల ఉన్న డైమ్, క్వార్టర్, హాఫ్‌లు 1892లో మొదలై 1915, 1916లతో ముగిశాయి. ఆ తరువాత రెక్కల టోపీ పెట్టుకున్న లిబర్టీతో మెర్క్యురీ డైమ్ 1916 నుంచి 1945 వరకు, నిలుచున్న లిబర్టీ క్వార్టర్ 1916 నుంచి 1930 వరకు, సూర్యోదయం వైపు నడిచే లిబర్టీ హాఫ్ డాలరు 1916 నుంచి 1947 వరకు వచ్చాయి. వాషింగ్టన్ క్వార్టర్ 1932లో, రూజ్‌వెల్ట్ డైమ్ 1946లో, ఫ్రాంక్లిన్ హాఫ్ 1948లో, కెనెడీ హాఫ్ 1964లో మొదలయ్యాయి. మీ చేతిలోనిది ఇంతకంటె పాతదై, కూర్చున్న లిబర్టీ బొమ్మతోనో, జుట్టు విరబోసుకున్న లిబర్టీ తలతోనో ఉంటే ఇంట్లో వెల కట్టే ప్రయత్నం మాని, నేరుగా నిపుణునికి చూపించడం మేలు. ఆ కాలపు నాణేల్లో అచ్చుల తేడాలను బట్టే ధర మారిపోతుంది.

మూడో పని టంకశాల గుర్తును పట్టుకోవడం. నా ఉద్దేశంలో భూతద్దం కొన్నందుకు ఫలితం దక్కేది ఇక్కడే. ఫిలడెల్ఫియా నాణేల మీద, యుద్ధకాలపు ఐదు సెంట్లవి తప్ప, గుర్తు ఉండదు. శాన్‌ఫ్రాన్సిస్కోకు ‘ఎస్’, డెన్వర్‌కు ‘డి’, న్యూ ఆర్లియన్స్‌కు ‘ఓ’, నెవాడాలోని కార్సన్ సిటీకి పక్కపక్కనే రెండు ‘సి’లు. మోర్గాన్ డాలరులో ఈ గుర్తు బొరుసు వైపు దండ ముడి కింద ఉంటుంది. పీస్ డాలరులో బొరుసు వైపే ఎడమ కింద గద్ద రెక్క కొస దగ్గర ఉంటుంది. మెర్క్యురీ డైమ్ వెనక కర్రల కట్ట మొదట్లో, ఎడమ వైపు చూడాలి. 1964 వరకు వచ్చిన వాషింగ్టన్ క్వార్టర్‌లో గద్ద కింది దండ దిగువన, ఫ్రాంక్లిన్ హాఫ్‌లో గంట పైన దొరుకుతుంది. నిలుచున్న లిబర్టీ క్వార్టర్‌లో మాత్రం బొమ్మ వైపే, తేదీకి ఎడమగా ఉంటుంది. ఈ క్వార్టర్లలో తేదీ ఎత్తైన చోట ఉండడం వల్ల త్వరగా అరిగిపోయేది; 1925లో దాన్ని లోతుగా మార్చారు. అందుకే అంతకుముందువి ఎన్నో తేదీ లేకుండా దొరుకుతాయి, అవి దాదాపు వెండి ధరకే పోతాయి.

నువ్వుగింజంత ఈ అక్షరం విలువను ఎంత మార్చగలదో 1916 నాటి మెర్క్యురీ డైమ్ చూపిస్తుంది. ఫిలడెల్ఫియాలో ఆ యేడు అవి రెండు కోట్లకు పైగా తయారయ్యాయి; డెన్వర్‌లో 2,64,000 మాత్రమే. గుర్తు లేని డైమ్ బాగా అరిగితే వెండి ధర మీద కొద్దిపాటి ఎక్కువకు పోతుంది, పక్కన ‘డి’ ఉన్నది అంతే అరిగినా వందల డాలర్లు పలుకుతుంది. ఇలాగే 1932 వాషింగ్టన్ క్వార్టర్లలో ‘డి’, ‘ఎస్’ గుర్తులున్నవి, 1916 నాటి నిలుచున్న లిబర్టీ క్వార్టర్, 1893లో శాన్‌ఫ్రాన్సిస్కోలో కొట్టిన లక్ష మోర్గాన్ డాలర్లు, కార్సన్ సిటీలో 1889లో కొట్టినవి పక్కకు తీసి పెట్టవలసినవి. కార్సన్ సిటీ గుర్తున్న మోర్గాన్ ఏదైనా సరే, తూకానికి అమ్మకండి.

అయితే ముద్రించిన సంఖ్య ఒక్కటే చూసి నిర్ణయానికి రాకూడదు, ముఖ్యంగా మోర్గాన్ డాలర్ల విషయంలో. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో భారతదేశంలో కాగితం నోట్లకు బదులు వెండి రూపాయలు ఇమ్మని జనం ఖజానాల మీద పడ్డారు. ఆ ఒత్తిడి నుంచి బ్రిటిష్ ప్రభుత్వాన్ని గట్టెక్కించడానికి అమెరికా 1918లో పిట్‌మన్ చట్టం చేసి, 27 కోట్లకు పైగా వెండి డాలర్లను కరిగించింది. ఆ వెండిలో అత్యధిక భాగం మన దేశానికి చేరి, ఇక్కడి టంకశాలల్లో రూపాయలుగా మారింది. మీ తాతమ్మల కాలం నాటి ఐదో జార్జి రూపాయలు ఇంట్లో ఉంటే, వాటిలో మోర్గాన్ డాలర్ల వెండి కలిసి ఉండే అవకాశం లేకపోలేదు. ఏ సంవత్సరపు నాణేలు ఎన్ని కరిగాయో లెక్క రాసి ఉంచకపోవడంతో, ముద్రణ సంఖ్య పెద్దగా ఉన్న కొన్ని తేదీలు కూడా ఇవాళ అరుదుగా కనబడతాయి. కరిగించినవాటికి బదులుగా మళ్లీ ముద్రించడం వల్లనే 1921 మోర్గాన్లు అంత విరివిగా దొరుకుతాయి.

దీనికి తలకిందులుగా జరిగిన ఉదంతం 1903 నాటి న్యూ ఆర్లియన్స్ డాలరుది. అరవై యేళ్ల పాటు సేకరణకర్తలు దాన్ని మోర్గాన్లలో అతి అరుదైనవాటిలో ఒకటిగా లెక్కించారు. 1962 చివరలో అమెరికా ఖజానా నేలమాళిగల్లోని సంచులు బయటికి తీసేసరికి అందులో ఆ డాలర్లు కుప్పలుగా కనబడ్డాయి, ధర ఒక్కసారిగా కుప్పకూలింది. అందువల్ల ఎన్ని ముద్రించారన్నదాని కంటె ఇప్పుడు ఎన్ని మిగిలాయి, అవి ఏ స్థితిలో ఉన్నాయి అన్నదే ధరను నిర్ణయిస్తుంది.

నాలుగో పని స్థితిని అంచనా వేయడం. ఇక్కడ వాడేది 1 నుంచి 70 వరకు అంకెలున్న షెల్డన్ కొలమానం. అసలు చెలామణిలోకి రాని నాణేలకు 60 నుంచి 70 వరకు, అరిగినవాటికి అంతకు దిగువ అంకెలు ఇస్తారు. మీరు అంకె వేయనక్కర్లేదు, మొదట ఎక్కడ అరుగుతుందో అక్కడ చూడడం నేర్చుకుంటే చాలు. మోర్గాన్ డాలరులో చెవి పైన ఉన్న జుట్టు, బొరుసు వైపు గద్ద రొమ్ము మీది ఈకలు ముందుగా నునుపవుతాయి. బార్బర్ నాణేల్లో తలపట్టీ మీద లిబర్టీ అన్న ఆంగ్ల పదంలోని ఏడు అక్షరాలే కొలత. ఏడూ చదవగలిగితే 12వ గ్రేడు దగ్గర, మూడు అక్షరాలే మిగిలితే 8 దగ్గర, ఒక్కటీ కనబడకపోతే 4 దగ్గర అనుకోవచ్చు. దొరికే బార్బర్లలో ఎక్కువ ఈ చివరి రకమే.

అరుగుదల లేదనిపించిన నాణేన్ని దీపం కింద కొద్దిగా వంచి మెల్లగా తిప్పండి. ముద్ర పడిన నాటి మెరుపు మిగిలి ఉంటే, చక్రం ఆకుల్లాగా వెలుగు చారలు నాణెం మీద గుండ్రంగా తిరుగుతాయి. తోమిన నాణెం తెల్లగా తళతళలాడుతుంది కాని ఆ చారలు తిరగవు, లేదా ఒకే దిక్కుగా సాగిన సన్నని గీతలు కనబడతాయి. స్థితికి ఇంత పట్టింపు ఎందుకంటే, 1884లో శాన్‌ఫ్రాన్సిస్కో వారు 32 లక్షల మోర్గాన్లు ముద్రించారు. అరిగినవి ఏ దుకాణంలోనైనా సామాన్య ధరకు దొరుకుతాయి, చెక్కుచెదరనివి మాత్రం వేలంలో పదుల వేల డాలర్లు దాటుతాయి. కొక్కెం అతికించి గొలుసుకు వేసినవి, బెజ్జం పడినవి, అంచు అరగదీసినవి అయితే సంవత్సరం ఎంత మంచిదైనా విలువ బాగా తగ్గుతుంది.

ఐదో పని అసలుతనం పరీక్షించడం. డాలర్లు, అందులోనూ ట్రేడ్ డాలర్లు, కార్సన్ సిటీ డాలర్లు నకిలీలతో నిండిపోయాయి. అయస్కాంతానికి అతుక్కుంటే నిశ్చయంగా నకిలీ. అతుక్కోకపోతే మాత్రం అసలైనదని కాదు, ఎందుకంటే రాగి, సీసం, ఇత్తడి కూడా అతుక్కోవు. తూకం, వ్యాసం రెండూ సరిపోవాలి. అరుగుదల వల్ల కొద్దిగా తగ్గడం సహజం. చెక్కుచెదరనట్టు కనబడే డాలరు 25 గ్రాములే తూగితే అనుమానించాలి. ఇంకా అనుమానం మిగిలితే నీటి పరీక్ష చేయండి. త్రాసు మీద గ్లాసెడు నీళ్లు పెట్టి అంకెను సున్నాకు తెచ్చి, నాణేన్ని సన్నని దారంతో కట్టి, అడుగుకూ గోడకూ తగలకుండా పూర్తిగా మునిగేలా వేలాడదీయండి. త్రాసు చూపే అంకెతో నాణెం బరువును భాగిస్తే 10.3 దగ్గర రావాలి. మంచి మోర్గాన్ డాలరుకు త్రాసు 2.6 గ్రాములకు అటూఇటూగా చూపుతుంది. రాగి, నికెల్ మిశ్రమాలు 9 దాటవు. పరీక్ష అయ్యాక రుద్దకుండా మెత్తని గుడ్డతో అద్ది తడి తీయండి. చాలా విలువైనదని తోచిన నాణెం మీద మాత్రం ఈ పరీక్ష చేయకండి.

చరిత్ర తెలిస్తే త్రాసు లేకుండానే కొన్ని నకిలీలు బయటపడతాయి. మోర్గాన్ డాలరు మీద 1878 కంటె ముందు తేదీ ఉండదు. కార్సన్ సిటీలో 1886, 1887, 1888లలో డాలర్లు కొట్టలేదు. అసలైన నాణెం మీదే దొంగ అక్షరం అతికించడం ఇంకో రకం మోసం. 1916 డైమ్‌కు ‘డి’, 1893 డాలరుకు ‘ఎస్’ ఇలాగే చేరుతుంటాయి. భూతద్దంలో అక్షరం చుట్టూ సన్నని గీత, రంగులో తేడా, జిగురు మరక కనబడుతున్నాయేమో చూడండి.

ఇప్పుడు ధర. ముందుగా కరుగు విలువ, అంటే నాణేన్ని కరిగిస్తే వచ్చే వెండి విలువ, లెక్కకట్టండి, ఏ నాణెం కూడా దీనికంటె బాగా కిందికి పోకూడదు. డైమ్‌లో 2.25 గ్రాములు, క్వార్టర్‌లో 5.62, 90 శాతం హాఫ్‌లో 11.25, మోర్గాన్ లేదా పీస్ డాలరులో 24.06, 40 శాతం హాఫ్‌లో 4.6, యుద్ధకాలపు ఐదు సెంట్లలో 1.75 గ్రాముల శుద్ధ వెండి ఉంటుంది. అమెరికాలో వెండి ధర చెప్పేది 31.1 గ్రాముల ట్రాయ్ ఔన్సుకు. ఆ రోజు ధర ఔన్సుకు 30 డాలర్లు అనుకుంటే క్వార్టర్ విలువ సుమారు 5 డాలర్ల 40 సెంట్లు, మోర్గాన్‌ది సుమారు 23 డాలర్లు. దుకాణదారులు చిన్న నాణేలను విడివిడిగా తూచరు. ముఖ విలువ ఒక డాలరుకు, అంటే పది డైమ్‌లకో నాలుగు క్వార్టర్లకో, అరుగుదల పోగా 0.715 ఔన్సు వెండి అని లెక్కించడం అక్కడి వాడుక. మోర్గాన్, పీస్ డాలర్లు ఈ లెక్కలోకి రావు, వాటిలో ఒక్కొక్కదానిలో 0.7734 ఔన్సు ఉంటుంది. ఈ తేడా చెప్పకుండా అన్నీ ఒకే కుప్పగా కొంటానన్నవారికి అమ్మకండి.

అరుదైన తేదీ అనుకున్నవాటికి అమ్మకానికి పెట్టిన ధరలు పట్టించుకోకుండా, అదే తేదీ, అదే టంకశాల, అదే స్థితిలో ఉన్న నాణెం నిజంగా ఎంతకు అమ్ముడైందో చూడండి. ఈబేలో అమ్ముడైనవాటిని విడిగా చూసే వీలుంది. పెద్ద వేలం సంస్థలు తమ పాత ఫలితాలను అందరికీ అందుబాటులో ఉంచుతాయి. అచ్చయిన ధరల పట్టికల్లో కనబడేది మీరు కొనబోతే చెల్లించవలసిన ధర. మీరు అమ్మబోతే దుకాణదారు తన లాభం మినహాయించుకునే ఇస్తాడు, అందులో తప్పు పట్టవలసింది లేదు కాని ఆ మినహాయింపు ఎంతో ఇద్దరు ముగ్గురిని అడిగి పోల్చుకోండి. తాకట్టు దుకాణాల కంటె నాణేల వ్యాపారులు మెరుగైన ధర ఇస్తారు.

వందల డాలర్ల విలువ ఉంటుందనుకున్న నాణేన్ని పీసీజీఎస్ లేదా ఎన్‌జీసీ వంటి సంస్థకు పంపి, గ్రేడు వేయించి, ముద్ర వేసిన ప్లాస్టిక్ డబ్బాలో పెట్టించడం లాభదాయకం. అంతకు తక్కువ వాటికి రుసుము, పోస్టు ఖర్చు కలిపితే గిట్టుబాటు కాదు. ఇంట్లో దాచేటప్పుడు మెత్తని పీవీసీ సంచులు వాడకండి, కొన్నేళ్లకు వాటి నుంచి వచ్చే పచ్చని జిడ్డు వెండిని తినేస్తుంది. రబ్బరు బ్యాండ్లు కూడా వెండిని నల్లబరుస్తాయి. ఎక్కడ, ఎప్పుడు, ఎంతకు కొన్నారో రాసి రసీదుతో పాటు ఉంచండి. అమెరికా పన్ను చట్టం నాణేలను సేకరణ వస్తువులుగా లెక్కించి, ఏడాదికి మించి ఉంచుకుని అమ్మితే వచ్చే లాభం మీద ఫెడరల్ పన్నును గరిష్ఠంగా 28 శాతం వరకు వేస్తుంది. ఆ లాభాన్ని తేల్చడానికి మీ దగ్గర ఉండే ఆధారం ఆ రసీదే.